కరెంటు పొయ్యిల పథకానికి వచ్చిన 30 లక్షలు ఎక్కడ ఖర్చు పెట్టాలి?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ. గుంటూరు, విజయవాడ చుట్టుపక్కల మహిళా సంఘాలతో పనిచేసే మీ సంస్థకు ఒక దాత రూ.30 లక్షలు ఇస్తామన్నారు. 500 పేద కుటుంబాలకు తలా రూ.6,000 చొప్పున ఇండక్షన్ స్టవ్, గిన్నెల సెట్టు కొనిచ్చి, ఆ తర్వాతి ఖర్చును కార్బన్ క్రెడిట్ల (తగ్గించిన ఉద్గారాన్ని టన్నుల లెక్కన అమ్ముకునే పత్రాల) అమ్మకంతో రాబట్టాలని మీ ఆలోచన. ఆఫ్రికా దేశాల్లో ఇలాగే నడుస్తోంది కదా, ఇక్కడెందుకు కుదరదు అని అడిగారు.

కార్బన్ లెక్క ఇక్కడ నిలబడదు. 500 అనే అంకె కూడా సగానికి తగ్గించుకోవాలి. మిగిలిన సొమ్మును వైరింగుకూ, వాడకానికీ, రిపేరుకూ మళ్లిస్తే పథకం నిలుస్తుంది. ఎందుకో లెక్కలతోనే చూద్దాం.

ముందు గ్యాసుతో పోల్చుకుందాం. 14.2 కిలోల సిలిండర్లో సుమారు 180 యూనిట్ల శక్తి ఉంటుంది. ఇళ్లలో మామూలు గ్యాస్ పొయ్యి దానిలో 60 శాతం దాకా గిన్నెకు అందిస్తుంది, అంటే 109 యూనిట్లు. ఇండక్షన్ 85 శాతం అందిస్తుంది కాబట్టి అదే వంటకు దాదాపు 128 యూనిట్ల కరెంటు కావాలి. సిలిండర్ రూ.850 అనుకుంటే, యూనిట్ రూ.6.60 కంటే తక్కువకు పడినప్పుడే కరెంటు గిట్టుబాటు.

మన విద్యుత్ పంపిణీ సంస్థ సీపీడీసీఎల్ గృహ టారిఫ్‌లో 2022-23 నుంచి ఉన్న శ్లాబులు తీసుకోండి: 30 యూనిట్ల దాకా రూ.1.90, 75 దాకా రూ.3, 125 దాకా రూ.4.50, 225 దాకా రూ.6, 400 దాకా రూ.8.75, ఆ పైన రూ.9.75. వీటి మీద సర్దుబాటు చార్జీలు, సుంకం కలిపి యూనిట్‌కు మరో 50 పైసలు వేసుకుందాం. ఇప్పుడు నెలకు 100 యూనిట్లు వాడుతూ, నెలన్నరకు ఒక సిలిండర్ ఖాళీ చేసే ఇల్లు మొత్తం వంటను కరెంటు మీదికి మార్చిందనుకోండి. నెలకు 85 యూనిట్లు అదనం. అందులో 25 యూనిట్లు రూ.4.50 శ్లాబులో, 60 యూనిట్లు రూ.6 శ్లాబులో పడతాయి. అన్నీ కలిపి రూ.515. గ్యాసుకైతే నెలకు రూ.567. మిగులు యాభై రూపాయలు.

ఆ యాభై కూడా దీపం-2 (రాష్ట్ర ప్రభుత్వ ఉచిత సిలిండర్ల పథకం) లేదనుకుంటేనే. ఏడాదికి మూడు సిలిండర్లు ఉచితంగా వచ్చే ఇంట్లో, ఏడాదికి ఎనిమిది వాడితే కొనేది ఐదే. నెలకు సగటున రూ.354. ఆ ఇంటికి మీరు స్టవ్ ఉచితంగా ఇచ్చినా నెలనెలా రూ.160 చేతి నుంచి పడుతుంది. రెండో బిల్లు రాగానే స్టవ్ అటకెక్కుతుంది. అందులో ఆ ఇల్లాలి తప్పేమీ లేదు, ఆమె లెక్క సరైనదే.

ఈక్వడార్‌లో దేశమంతటా జరిగింది ఇదే. 2014లో అక్కడి ప్రభుత్వం 30 లక్షల ఇళ్లను ఇండక్షన్‌కు మార్చాలని పథకం పెట్టింది. స్టవ్ ధరను కరెంటు బిల్లులో వాయిదాలుగా కట్టించుకుంది, వంట కోసం నెలకు 80 యూనిట్లు ఉచితంగా ఇచ్చింది, ఇళ్లలో 220 వోల్టుల లైను వేయించింది. నిధుల పరంగా చూస్తే ఇంతకన్నా పకడ్బందీ పథకం దొరకదు. కానీ 15 కిలోల గ్యాస్ బండ మాత్రం సబ్సిడీతో 1.60 డాలర్లకే దొరుకుతూ ఉంది. లక్ష్యానికి చాలా దూరంలోనే పథకం ఆగిపోయింది.

ఇక కార్బన్. గ్యాస్ సిలిండర్ ఒకటి కాలితే దాదాపు 43 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. దాని బదులు వాడే 128 యూనిట్లకు, మన దేశపు గ్రిడ్‌లో యూనిట్‌కు సుమారు 0.7 కిలో చొప్పున, 90 కిలోలు వస్తుంది. బొగ్గు వాటా ఇంత ఉన్న గ్రిడ్ మీద గ్యాసు నుంచి కరెంటుకు మారితే ఈ రోజుకి ఉద్గారం పెరుగుతుందే తప్ప తగ్గదు. వంటగదిలో గాలి బాగుపడటం నిజం, అది వేరే లాభం. కానీ గ్యాస్ ఇంటి మీద క్రెడిట్ పుట్టదు.

కట్టెల పొయ్యి ఇళ్లకు వస్తుందా? రోజుకు 5 కిలోల కట్టె కాల్చే ఇల్లు ఏడాదికి 1.8 టన్నులు కాలుస్తుంది, దాని నుంచి 3.2 టన్నుల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. అయితే ఇందులో తిరిగి పెరగని అడవి నుంచి వచ్చిన కట్టె వాటానే లెక్కకు తీసుకుంటారు. పాత ప్రాజెక్టులు ఆ వాటాను 80, 90 శాతం అని చూపించుకున్నాయి. ఇప్పుడు విడిగా నిరూపించలేకపోతే 30 శాతమే వేసుకోవాలి. అంటే ఇంటికి 0.96 టన్ను. దానిలోంచి నెలకు 90 యూనిట్ల చొప్పున వాడే కరెంటు ఉద్గారం 0.76 టన్ను తీసేయాలి. మిగిలేది 0.2 టన్ను. టన్నుకు రూ.800 పలికినా ఇంటికి ఏడాదికి రూ.160. ఆ లెక్క తనిఖీ చేయించడానికే అంతకంటే ఎక్కువవుతుంది. పల్నాడు వైపు ఊళ్లలో కాల్చేది ఎక్కువగా పత్తి కట్టె, మిర్చి కంప. అవి ఏటా పొలంలో వచ్చే పంట వ్యర్థాలు, వాటికి ఆ 30 శాతం కూడా వర్తించదు.

ఇదే లెక్కను దాదాపు పూర్తిగా జలవిద్యుత్ మీద నడిచే ఇథియోపియాకో నేపాల్‌కో వేయండి. తీసేయాల్సిన 0.76 టన్ను సున్నాకు దగ్గరవుతుంది, క్రెడిట్ ఐదు రెట్లవుతుంది. అక్కడ కుదిరింది ఇక్కడ కుదరకపోవడానికి అసలు కారణం ఇదే. అక్కడ కూడా నమ్మకంగా నిలిచేవి కొలిచి చూపే ప్రాజెక్టులే. 2024 జనవరిలో నేచర్ సస్టైనబిలిటీ పత్రికలో వచ్చిన అధ్యయనం, తాము పరిశీలించిన వంట పొయ్యిల ప్రాజెక్టులు నిజంగా తగ్గించిన దానికి దాదాపు 9 రెట్లు క్రెడిట్లు రాసుకున్నాయని తేల్చింది. పొయ్యి వాడకాన్ని మీటరుతో నేరుగా కొలిచే గోల్డ్ స్టాండర్డ్ (క్రెడిట్లను ధ్రువీకరించే సంస్థ) పద్ధతిలో ఆ తేడా 1.5 రెట్లే. కార్బన్ సొమ్ము మీకు రాకపోయినా, ఆ కొలిచే పద్ధతి మాత్రం అరువు తెచ్చుకోండి. దాని సంగతి కిందకు వస్తుంది.

పేద దేశాల్లో ఈ మార్పుకు డబ్బు ఎలా వస్తోందో కూడా అడిగారు. 2030 నాటికి అందరికీ శుభ్రమైన వంట అందాలంటే ఏడాదికి 800 కోట్ల డాలర్లు కావాలని అంతర్జాతీయ ఇంధన సంస్థ 2023లో లెక్క కట్టింది. 2024 మేలో ప్యారిస్‌లో ఆఫ్రికా కోసం పెట్టిన సదస్సులో 220 కోట్ల డాలర్ల హామీలు వచ్చాయి. దాన్ని నాలుగైదేళ్ల మీద సర్దితే అవసరం ముందు చాలా చిన్నది. అందుకే ప్రపంచ బ్యాంకు లాంటివి ఫలితం చూశాక డబ్బిచ్చే పద్ధతి పట్టుకున్నాయి. రువాండాలో కంపెనీ పొయ్యి అమ్మి, అది ఇంట్లో ఉందని తనిఖీ అయ్యాక, ఆ ఇంటి ఆదాయ వర్గాన్ని బట్టి సబ్సిడీ విడుదలవుతుంది. పద్ధతి మంచిదే. చిక్కు ఎక్కడంటే, సరుకు కొన్న రోజుకూ సబ్సిడీ చేతికొచ్చే రోజుకూ మధ్య నెలలు గడుస్తాయి. ఆ మధ్యకాలానికి అప్పు పుట్టని చిన్న కంపెనీ చేతులెత్తేస్తుంది. పైగా సరుకు డాలర్లలో కొని, వాయిదాలు స్థానిక కరెన్సీలో వసూలు చేస్తారు. కరెన్సీ పడిపోతే ఆ నష్టం కంపెనీదే. మీకు ఈ రెండు బాధలూ లేవు. ఇక్కడి మార్కెట్లోనే కొంటారు, దాత ముందే ఇస్తున్నారు, వాయిదాలు వసూలు చేయడానికి సంఘాలున్నాయి. ఆ బలాన్ని వాడుకోండి.

ముందు ఇళ్లను ఎంచుకోవడం. కట్టెలు డబ్బు పెట్టి కొనే ఇల్లు మీ మొదటి లక్ష్యం కావాలి. పాత కట్టెల పొయ్యి వేడిలో 12 శాతమే గిన్నెకు చేరుతుంది. రోజుకు 5 కిలోల కట్టె చేసే పని 3 యూనిట్ల కరెంటు చేస్తుంది. కిలో కట్టె రూ.7 అనుకుంటే నెలకు రూ.1,050. అదే ఇల్లు ఇప్పుడు 50 యూనిట్లు వాడుతుంటే, వంటకు మరో 90 కలిపినా అదనపు బిల్లు రూ.435. ఇక్కడ మిగులు నిజంగా ఉంది. వంట సగమే మారినా సగం మిగులుతుంది. రెండో వరుసలో విజయవాడ కొండల మీది ఇళ్లు. చిట్టినగర్, విద్యాధరపురం పైన మెట్ల దారిలో బండ మోయించడానికి విడిగా డబ్బులివ్వాలి, లేదా ఇంట్లోవాళ్లే మోయాలి. అక్కడ కరెంటు వంటకు డబ్బు లెక్క కాక మరో కారణం కూడా ఉంది. పొలం నుంచి కంప ఉచితంగా తెచ్చుకునే ఇల్లు, దీపం సిలిండర్లతో సరిపెట్టుకునే ఇల్లు మొదటి విడతలో వద్దు. 200 యూనిట్ల లోపు వాడే ఎస్సీ, ఎస్టీ కుటుంబాలకు ఉచిత విద్యుత్ ఉంది కాబట్టి వాళ్లకు ఈ పథకం బాగా అతుకుతుంది. కానీ వేసవిలో కూలరు, వంట కలిసి 200 దాటుతాయేమో గత ఏడాది ఏప్రిల్, మే బిల్లులు తీసి చూడండి. బిల్లు చూడకుండా ఏ ఇంటినీ జాబితాలో చేర్చవద్దు.

పొయ్యి విషయంలో నా సలహా ఇండక్షన్ కాదు, 5 లీటర్ల ఎలక్ట్రిక్ ప్రెషర్ కుక్కర్. పేద ఇళ్లలో ఉన్నవి చాలావరకు సత్తు గిన్నెలు, గుండ్రటి అడుగున్న మూకుళ్లు. సత్తు గిన్నెను ఇండక్షన్ పట్టించుకోదు, గుండ్రటి అడుగు పనికిరాదు. గిన్నెల సెట్టు ఇచ్చినా నాలుగు గిన్నెలతో సంసారం గడవదు. ఇనప పెనం పనిచేస్తుంది గానీ లోపలి కాయిల్ 18 సెంటీమీటర్ల దాకే ఉండటంతో దోశ మధ్యలో మాడి అంచులు పచ్చిగా ఉంటాయి. కుక్కర్‌కు దాని గిన్నె దానికే ఉంటుంది, చుట్టూ వేడి బయటికి పోకుండా పొర ఉంటుంది, ఒత్తిడి రాగానే కరెంటు తనే ఆపుకుంటుంది. అరకిలో బియ్యం 0.2 యూనిట్‌తో ఉడుకుతాయి, గ్లాసు కందిపప్పుకు కూడా దాదాపు అంతే. పొద్దున అన్నం, పప్పు, రాత్రికి మళ్లీ అన్నం: రోజుకు 0.6 యూనిట్, నెలకు 18. కోడిగుడ్లు, శనగలు, ఉలవలు, వేన్నీళ్లు కలిపితే 30. తాలింపు, వేపుళ్లు, వంకాయ కాల్చడం పాత పొయ్యి మీదే సాగనివ్వండి. మొత్తం మారాలని పట్టుబట్టిన పథకాల కన్నా, ఎక్కువసేపు మండే ఉడికించే పనిని ముందు మార్చినవి బాగా నిలుస్తాయి.

ఇప్పుడు అందరూ తక్కువ అంచనా వేసే వైరింగు దగ్గర ఆగుదాం. పాత కాలనీ ఇళ్లలో, రేకుల ఇళ్లలో సాధారణంగా ఒకే సర్క్యూట్ ఉంటుంది. లైట్లు, ఫ్యాను, టీవీ అన్నిటికీ కలిపి 1 లేదా 1.5 చదరపు మిల్లీమీటర్ల తీగ, 6 ఆంపియర్ల సాకెట్. కుక్కర్ 1,000 వాట్లు, అంటే దాదాపు 4.3 ఆంపియర్లు. కాగితం మీద సరిపోతుంది. కానీ దాన్ని మల్టీప్లగ్‌లో పెట్టి, అదే ప్లగ్‌లో ఫ్రిజ్ కూడా నడిపితే వదులైన స్క్రూ దగ్గర వేడెక్కి సాకెట్ కరుగుతుంది. ఇండక్షన్ 2,000 వాట్లైతే కరగడం ఇంకా త్వరగా మొదలవుతుంది. ఎర్త్ అనేది చాలా ఇళ్లలో మూడో పిన్నుకు ఏమీ కలపని ఖాళీ రంధ్రం మాత్రమే. తడి చేతులతో స్టీలు బాడీ ఉన్న కుక్కర్ ముట్టుకునే చోట ఇది ప్రాణం మీది పని.

కాబట్టి ప్రతి ఇంటికీ మీటరు బోర్డు నుంచి వంట చోటు దాకా విడిగా 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ లాగాలి. లోడు మించితే కరెంటు ఆపేసే 16 ఆంపియర్ల ఎంసీబీ, 16 ఆంపియర్ల సాకెట్, నిజమైన ఎర్త్, కరెంటు లీకైతే వెంటనే ఆపేసే 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించాలి. పది మీటర్ల లోపు దూరమైతే కూలీతో కలిపి రూ.3,000 దగ్గర అవుతుంది. ఆర్‌సీసీబీ ఒక్కటే అందులో సగానికి దగ్గరగా ఉంటుంది కాబట్టి ఎలక్ట్రీషియన్ మొదట దాన్నే తీసేద్దామంటాడు. ఒప్పుకోవద్దు. కొండ రాతి మీది ఇళ్లలో ఎర్త్ గుంట తవ్వడం కుదరకపోతే, కింద మట్టి ఉన్న చోట ఒక గుంట తీసి నాలుగైదు ఇళ్లకు కలపాలి. సాకెట్‌ను నేలకు అడుగు ఎత్తులో కాకుండా నడుము ఎత్తున పెట్టించండి. ఇల్లు కడిగే నీళ్లు, పిల్లల చేతులు రెండూ అందవు.

ఒప్పంద లోడు, అంటే ఆ కనెక్షన్‌కు రాసుకున్న కిలోవాట్లు, కూడా చూడాలి. బిల్లు మీదే ఉంటుంది. అర కిలోవాట్ కనెక్షన్ ఉన్న ఇంట్లో కుక్కర్ పెడితే అదనపు లోడు క్రమబద్ధీకరణ నోటీసు ఆ ఇంటి పేరునే వస్తుంది. డెవలప్‌మెంట్ చార్జీ, సెక్యూరిటీ డిపాజిట్ ముందే పథకం నుంచి కట్టేయండి. దానికి ఇంటికి సగటున రూ.1,500 పక్కన పెట్టండి.

వీధి చివర ఇళ్లలో వోల్టేజీ సమస్య ఉంటుంది. సాయంత్రం 7 గంటలకు మల్టీమీటరుతో చూడండి. 230 ఉండాల్సింది 180 ఉంటే, 1,000 వాట్ల కుక్కర్ 610 వాట్లే ఇస్తుంది. 25 నిమిషాల అన్నం 40 నిమిషాలవుతుంది. ఇండక్షన్ అయితే ఇంకా పడిపోయినప్పుడు ఎర్రర్ కోడ్ చూపి ఆగిపోతుంది. 63 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ మీద 60 ఇళ్లుండి, 20 ఇళ్లు ఒకే వేళకు కుక్కర్ పెడితే 20 కిలోవాట్లు అదనంగా పడుతుంది. కాబట్టి ఒకే ట్రాన్స్‌ఫార్మర్ కింద అన్ని ఇళ్లూ ఎంచుకోకండి. జాబితా తయారవగానే ఇళ్ల సర్వీసు నంబర్లతో సెక్షన్ ఏఈకి లేఖ ఇచ్చి, ఏ ట్రాన్స్‌ఫార్మర్ మీద ఎంత ఖాళీ ఉందో అడిగి తెలుసుకోండి.

ఇప్పుడు 30 లక్షల పంపకం. 250 ఇళ్లు అనుకోండి. కుక్కర్లు రూ.4,500 చొప్పున 11.25 లక్షలు. వైరింగు 7.5 లక్షలు. లోడు చార్జీలు 3.75 లక్షలు. సాకెట్‌కూ కుక్కర్‌కూ మధ్య పెట్టే చిన్న యూనిట్ మీటర్లు రూ.600 చొప్పున 1.5 లక్షలు. వాడకానికి ప్రోత్సాహం 1.8 లక్షలు. రిపేర్లు, విడిభాగాలు, వంట శిక్షణ 2 లక్షలు. మొత్తం 27.8 లక్షలు. మిగిలిన 2.2 లక్షలు ముట్టుకోకుండా ఉంచండి, ట్రాన్స్‌ఫార్మర్ల దగ్గరో ఎర్తింగ్ దగ్గరో ఏదో ఒకటి తప్పకుండా వస్తుంది.

కుక్కర్ ధరలో సగం, రూ.2,250, ఆ ఇల్లే కట్టాలి, నెలకు రూ.225 చొప్పున పది నెలలు. పూర్తి ఉచితంగా ఇచ్చినది పెళ్లికి కానుకగా వెళ్లిపోవచ్చు, లేదా సగం ధరకు అమ్ముడుపోవచ్చు. వసూలును సంఘం పొదుపు సమావేశంలోనే కలపండి. ఊళ్లో అయితే గ్రామ సమాఖ్య, పట్టణంలో అయితే మెప్మా (పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ) కింది స్లమ్ సమాఖ్య పుస్తకంలో విడి ఖాతా రాయించండి. స్త్రీనిధి (మహిళా సంఘాలకు రుణాలిచ్చే సంస్థ) లాంటి అప్పులో దీన్ని కలిపేయకండి. ఆ అప్పు గేదెకో దుకాణానికో తీసుకుంటారు, దాని వాయిదా పక్కన ఇది చేరితే ఏది బాకీ పడిందో తెలియదు. అందరూ కట్టాక 5.6 లక్షలు తిరిగొస్తాయి, మరో 50 ఇళ్లకు సరిపోతాయి.

వాడకానికి ప్రోత్సాహం ఇలా: చిన్న మీటరులో నమోదైన ప్రతి యూనిట్‌కు రూ.2, నెలకు 30 యూనిట్లు మించకుండా, ఏడాది పాటు. సంఘం లీడరు నెల మొదటి వారంలో మీటరు ఫొటో తీసి పంపుతుంది, ఆ సొమ్ము ఆ నెల వాయిదాలో తగ్గుతుంది, పది వాయిదాలూ అయిపోయాక నేరుగా చేతికి వస్తుంది. 30 యూనిట్లు వాడిన ఇల్లు రూ.225కు బదులు రూ.165 కడుతుంది. ఫొటోలో సర్వీసు నంబరు రాసిన చీటీ కూడా కనబడాలి, లేకపోతే ఒకే మీటరు నాలుగు ఇళ్ల పేరు మీద వస్తుంది. రెండు నెలలు వరుసగా 5 యూనిట్ల లోపు ఉన్న ఇంటికి మనిషి వెళ్లాలి. చాలాసార్లు కారణం చిన్నదే ఉంటుంది: మూత రబ్బరు సాగి ఆవిరి పోతుంటుంది, లేదా బిల్లు పెరుగుతుందని అత్తగారు ప్లగ్ తీసేయించి ఉంటారు. మొదటిదానికి రూ.200 రబ్బరు, రెండోదానికి ఆ ఇంటి మీటరు లెక్కను కాగితం మీద వేసి చూపించడం.

విడిభాగాలు కుక్కర్లతో పాటే కొనండి, తర్వాత ఆ మోడల్ ఆగిపోవచ్చు. 250 కుక్కర్లకు 100 మూత రబ్బర్లు, 40 థర్మల్ ఫ్యూజులు, 30 లోపలి గిన్నెలు, 20 విజిల్ వాల్వులు చాలు. ఒకే మోడల్, కనీసం రెండేళ్ల వారంటీ, ఊళ్లోనే సర్వీసు అని ఆర్డరులో రాయించండి. ప్రతి మండలానికి ఒక టీవీ, మిక్సీ మెకానిక్‌ను పట్టుకుని, రిపేరుకు రూ.150 పథకం నుంచే ఇవ్వండి. నీళ్లు గిన్నెలో కాకుండా పొరపాటున బయటి కుండలో పోయడం ఈ కుక్కర్లు చెడిపోవడానికి పెద్ద కారణం. శిక్షణలో ముందు చూపించాల్సింది అదే.

గ్యాస్ కనెక్షన్ వదిలేయమని ఎవరికీ చెప్పకండి. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద సింగ్‌నగర్‌ను ముంచినప్పుడు కరెంటు లేదు. కట్టెలు తడిసి, కరెంటు లేక ఉన్న ఇంటికి ఆ బండే దిక్కు.

దాతకు పంపే పత్రంలో ‘పంచిన పొయ్యిల సంఖ్య’ అన్న గడి తీసేసి, ‘ఆరో నెలలోనూ పన్నెండో నెలలోనూ ఇంటికి సగటు యూనిట్లు’ అని పెట్టండి. ఆరో నెలలో 15 యూనిట్లు దాటిన ఇళ్లు ఎన్ని, 5 లోపు ఉన్నవి ఎన్ని, ఎందుకు అన్నది ఒక పేజీలో రాసిస్తే చాలు. ఆ అంకెల మీద రెండో విడత అడగడం, మెప్మా దగ్గరికి వెళ్లడం రెండూ సులువవుతాయి. జాబితాలోని ఇళ్ల గత 12 నెలల బిల్లులు సేకరించగానే ఇక్కడ పెట్టండి, పేర్లు, సర్వీసు నంబర్లు తీసేసి. ఏ ఇంటికి ఎంత గిట్టుబాటో లెక్క వేసిస్తాను.